యాభై అయిదు డిగ్రీలు

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. అయినా, గొట్టంలో పోయే నీళ్ళు పక్కనున్న నూనె దగ్గర ఎంత వేడి లాక్కుంటాయో లెక్క కట్టమంటే కాగితం మీద కట్టి చూపిస్తాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, కోపంతో చెప్తాండాను. ఆ లెక్క రానివాడినైతే జరిగింది నాకు అర్థమయ్యేది కాదు. ఎవరినో ఒకరిని తిట్టుకుంటా హాయిగా ఉండేవాణ్ణి.

మాది తవుడు నూనె ఫ్యాక్టరీ. బళ్ళారి దాటినాక రోడ్డు పక్కనే ఉంటుంది. సిరుగుప్ప, హచ్చొళ్ళి దిక్కు రైసుమిల్లుల నుంచి తవుడు లారీల్లో వస్తుంది, నూనె డబ్బాల్లో బయటికి పోతుంది. మధ్యలో నూనెను బాగా కాచి దాని వాసన తీసే పని ఒకటుంది. అక్కడి నుంచి అది నిప్పులా వస్తుంది. అట్లే గాలికి వదిలితే రంగు మారుతుంది, కంపు కొడుతుంది. అందుకని ముందు కూలరులోకి పంపుతాము. రెండాళ్ళ పొడుగున్న ఇనుప పీపా, దాని కడుపులో కొన్ని వందల సన్న గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు, గొట్టాల చుట్టూ నూనె. పుస్తకంలో దానికి షెల్ అండ్ ట్యూబ్ ఎక్స్‌ఛేంజర్ అని పెద్ద పేరు. మాకు మాత్రం కూలరే. అందులోంచి నూనె యాభై అయిదు డిగ్రీలతో బయటికి రావాల. అది మా ప్లాంటు చట్టం.

రావాల అన్నాను. వచ్చిందని అనలేదు.

కాలువ పారే నెలల్లో కూలరు మా మాట వింటుంది. ఎండాకాలం కాలువ కట్టేస్తారు. ఆ పైన బోరు నీళ్ళే గతి. మా బోరు నీళ్ళు ఒక నెల పట్టినామంటే బిందె లోపల తెల్లగా పెళ్ళ కడుతుంది. దానికి తోడు రోడ్డు మీద ఖనిజం లారీలు. వాటి ఎర్రదుమ్ము ఎగిరొచ్చి, మా నీళ్ళు చల్లార్చే టవరులో పడి, అదీ గొట్టాల్లోకే చేరుతుంది. తెల్ల సున్నం, ఎర్ర బురద కలిసి గొట్టం లోపల గార పూసినట్టు పడతాయి. ఆ గారను దాటి వేడి అవతలికి పోలేదు.

ఆ గార తీసే మనిషి ఒకాయన ఉండేవాడు. మేస్త్రి అంటాము. నాకంటే పదేండ్లు చిన్న. మాది ఒకే చర్చి, మిషను కాలం నాటిది. ఆదివారం ఇద్దరమూ ఒకే బెంచీలో కూర్చుంటాము. కూర్చునేవాళ్ళం. ఆయన, ఆయన భార్య, ఇంకా ఇద్దరు మగోళ్ళు, అంతే ఆ ముఠా. ఏడాదికి రెండుసార్లు కూలరు మూతలు విప్పి, పొడుగు రాడ్డు కొసకు బ్రష్షు బిగించి, ఒక్కో గొట్టంలో దూర్చి ఈడుస్తారు. ఎండలో, ఇనుము పక్కన, మూడు దినాల పని. మా ప్లాంటులో చేస్తాండారు కదా అని చూసే చుట్టుపక్కల ప్లాంట్లవాళ్ళు కూడా పిలిచేది. మా గేటు మూతపడితే వాళ్ళకు అన్ని గేట్లూ మూతపడతాయి. ఈ సంగతి నాకు కొత్తగా తెలిసింది కాదు.

ఇంక లాగ్ షీటు సంగతి. గంటగంటకూ ఆపరేటరు డయలు చూసి అంకె రాయాల్సిన కాగితం అది. నేను చేరిన కొత్తలో ఒక మే నెల మధ్యాహ్నం డయలు అరవై ఎనిమిది చూపిస్తే అరవై ఎనిమిదే రాసినాను. షిఫ్టు దిగే వేళకు సూపర్వైజరు ఆ కాగితం పట్టుకొని వచ్చినాడు.

"ఏమప్పా, ఇది నీ డైరీ అనుకుంటివా?"

"లేదు సార్, డయలు అట్లే చూపించె."

"డయలు నూరు చూపిస్తాది. కాగితంలో యాభై అయిదు ఉండాల. లేదంటే పైనోళ్ళు నన్నడుగుతారు, నేను నిన్నడుగుతా. నువ్వెవర్ని అడుగుతావు? కూలర్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వినారు. ఆయన కాగితం చింపి ఖాళీది చేతికిచ్చినాడు. ఎనిమిది గళ్ళలోనూ యాభై అయిదు రాసి సంతకం పెట్టినాను. మరుసటి రోజు ఒక సీనియరు నన్ను పక్కకు పిలిచి, "అన్నీ యాభై అయిదే రాస్తే దొంగ రాతని ఇట్టే తెలుస్తాది రా. ఒకటి యాభై నాలుగు వెయ్యి, ఒకటి యాభై ఆరు వెయ్యి. పులుసులో బెల్లం మాదిరి, కొంచెమే" అని నేర్పినాడు.

అట్లా నేర్చుకున్నాము. మొదటి టీ తాగుతా కూర్చుని షిఫ్టు మొత్తానికీ అంకెలు ఒకేసారి నింపేవాళ్ళం. మరి నిజంగా కాగుతున్న నూనెను ఏం చేసేవాళ్ళమంటే, వాల్వు కాలు తిప్పు, అంటే పావు వంతు, మూసేది. నూనె నిదానంగా పోతుంది, చల్లారేకి కొంచెం వ్యవధి దొరుకుతుంది. ఇంకా వేడిగా ఉంటే గోనె సంచులు తడిపి కూలరు వీపున పరిచేది. గేటులో కారు హారను వినపడితే సంచులు లాగేసి, వాల్వు తెరిచి, చేతులు కట్టుకొని నిలబడేది. మాకు సిగ్గనిపించలేదు. పనితనం అనుకున్నాము. నా తర్వాత చేరినవాళ్ళకు ఆ బెల్లం కొలత నేర్పింది నేనే. ఇది కూడా రాయాల, రాస్తాండాను.

చదువు మాట చెప్పినాను కదా. పట్టణంలో పాత పేపరు అంగడిలో తూకానికి అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎట్ల పోతుందో అందులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఒక పేజీకి వారం చొప్పున చదివినాను. లాగరిథమ్ పట్టిక దగ్గర ఆగిపోతే, సత్యనారాయణపేటలో రిటైరైన లెక్కల అయ్యవారు ఒకాయన తన ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పినాడు. కొన్నేండ్లకు కూలరు లెక్క మొత్తం నా చేతికి వచ్చింది. వచ్చి ఏం లాభం? లెక్క నిజంగా కడతాను, లాగ్ షీటు అబద్ధం రాస్తాను. రెండూ ఒకే పెన్నుతో. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఒక్క రోజూ నాకు తట్టలేదు.

పోయిన జనవరిలో ఒక ఇంజనీరమ్మ వచ్చింది, హుబ్బళ్ళి పిల్ల. నన్ను "అజ్జా" అని పిలిచేది, అంటే తాతా అని. తెలుగు వచ్చు, మధ్యమధ్యలో కన్నడం దొర్లుతుంది. మా ప్లాంటును కంప్యూటర్లో కట్టి చూడమని పైవాళ్ళు పంపినారు. కూలరులో ఎన్ని గొట్టాలు, ఎంత పొడుగు, ఎంత లావు, నూనె ఎంత వేడితో పోతుంది, ఎంత వేడితో వస్తుంది, అన్నీ ఆ పెట్టెకు చెప్తే, మూత విప్పకుండానే లోపల గార ఎంత పట్టిందో అది చెప్తుందంట. నేను గంట కూర్చుని అరపేజీ కట్టే లెక్కను రెప్ప వేసేలోపల కట్టి పడేస్తుంది. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఎందుకు అబద్ధమాడల్ల, నా పుస్తకం బతికొచ్చి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది.

ఆ పిల్ల పనిదొంగ కాదు. వేడి కొలిచే గన్ను పట్టుకొని స్వయంగా వచ్చి కూలరు దగ్గర కొలిచింది. యాభై ఆరు వచ్చింది. రాదా మరి? అది జనవరి, కాలువ నీళ్ళు, మేస్త్రి ముఠా గొట్టాలు తోమిపోయి మూడు వారాలు. లాగ్ షీటులో యాభై అయిదు. రెండూ సరిపోయినాయి. పాత షీట్లన్నీ కంప్యూటరుకు ఎక్కించుకుంది.

"నోడి అజ్జా, చూడండి, ఎన్నేండ్ల షీట్లు చూసినా ఒకటి అటు, ఒకటి ఇటు, అంతే! ఇంత స్థిరంగా నడిపే ప్లాంటు నేనెక్కడా చూడలేదు."

నేను నవ్వినాను. నవ్వినాను!

ఏప్రిల్లో కాలువ కట్టేసినారు. అదే వారం రిపోర్టు వచ్చింది. కూలరులో గార దాదాపు పట్టడం లేదు, ఏడాదికి రెండుసార్లు తోమించడం దండగ, మూడేండ్లకొకసారి చాలు. మేస్త్రి గేటు దగ్గరకు వచ్చి నాకు కబురు పెట్టినాడు.

"అన్నా, మే నెలకు రావద్దన్నారంట. ఏంది ఇది?"

"ఎవరన్నారప్పా?"

"మేనేజరు. కంప్యూటర్లో చూసినారంట. గొట్టాలు కొత్తపెండ్లికూతురు మాదిరి ఉండాయంట. పోయినసారి గార బుట్టలకెత్తి పారబోసింటి కదా, అది యాడిది మరి? నా ఇంట్లోంచి తెచ్చి పోసింటినా?"

"ఆ పిల్లకేం తెలుసు? మన బోరు నీళ్ళు ఎప్పుడన్నా తాగిందా? నువ్వు పో, నేను చూసుకుంటా."

"నువ్వు చెప్తే ఇంటార్లే అన్నా. నీకు లెక్కొస్తాది."

మెట్లెక్కి ఆఫీసులోకి పోయినాను. నా గొంతు కింద బాయిలరు దాకా వినపడిందని తర్వాత చెప్పినారు.

"ఏమ్మా, నీ పెట్టెకు కండ్లుండాయా? యాడన్నా బోరు నీళ్ళకు గార పట్టకుండా ఉంటాదా?"

ఆ పిల్లకు కోపం రాలేదు. కుర్చీ లాగింది. "బన్ని అజ్జా, కూర్చోండి. ఎక్కడ తప్పో మీరే చెప్పండి."

కాగితం తీసుకున్నాను. నూనె ఎంత వేడి వదిలిందో నీళ్ళు అంతే పట్టుకోవాల, ఇది మొదటి పాఠం. "నీళ్ళు ఎన్ని పోతాండాయని చెప్పినావు దీనికి?" అని అడిగినాను.

"నీళ్ళకు మీటర్ లేదల్వా అజ్జా? అందుకే లెక్క సరిపోయేటట్టు సాఫ్ట్‌వేరే ఊహించుకునింది."

అది ఊహించుకున్న అంకె చూసి నేను బల్ల మీద కొట్టినాను. "దొరికింది చూడు! మా పంపు జన్మలో ఇన్ని నీళ్ళు తోయలేదు. రెండు పంపులు పెట్టినా తోయలేదు!"

ఆ పిల్ల ఆ అంకెను మళ్ళీ చూసింది. "అట్లయితే నూనె బయటికి వచ్చే వేడి తప్పై ఉండాల అజ్జా. అది తప్పయ్యేకి లేదే. లాగ్ షీట్లోదే కదా." అంటా ఒక షీటు తెరిచి చూపించింది. ఏదో మే నెలది. యాభై అయిదు, యాభై నాలుగు, యాభై అయిదు, యాభై ఆరు. అయిదుకు కింద తోక పొడుగ్గా లాగే ఆ రాత నాది. అడుగున సంతకం నాది.

దొంగను పట్టుకున్నాను కదా. చొక్కా చూస్తే నాదే.

"ఈ చేతిరాత ఎవరిదో గొత్తా అజ్జా, తెలుసా? అడిగి చూస్తాను" అంది.

"షిఫ్టులో చాలామంది ఉంటారమ్మా" అని మెట్లు దిగి వచ్చేసినాను.

రెండు ఆదివారాలు నోరు మెదపలేదు. పాటల పుస్తకం చేతికిస్తా మేస్త్రి మెల్లగా అడిగినాడు, "చెప్పినావా అన్నా?" "చెప్తాండానప్పా" అన్నాను. ఆ తర్వాతే పాపాలు ఒప్పుకొనే ప్రార్థన వచ్చింది. అది అందరమూ కలిసి చెప్తాము, కాబట్టి ఎవరి పాపమూ విడిగా వినపడదు. నేనూ గట్టిగా చెప్పినాను. సోమవారం డ్యూటీకి పోయి, డయలు అరవై ఆరు చూపిస్తా ఉంటే, మళ్ళీ యాభై అయిదే రాసినాను. అంతా తెలిసినాక కూడా. చెయ్యి దానంతట అదే రాసింది అని చెప్పుకుంటే సరిపోతుందా? నేనే రాసినాను.

ఆ వారంలో మేస్త్రి భార్య గేటుకు వచ్చింది. ఆయమ్మ గొంతులో దెప్పిపొడుపు లేదు. "అన్నా, బ్రష్షులు అరిగిపోయినాయి. కొత్తవి కొనమంటావా, వద్దంటావా? నువ్వెట్ల చెప్తే అట్ల" అంది.

ఏం చెప్పల్ల? అట్లే తిరిగి మేనేజరు గదిలోకి పోయినాను. ఇంజనీరమ్మ అక్కడే ఉంది.

"సార్, లాగ్ షీట్లో కూలరు అంకెలు చూసి రాసినవి కాదు. ఊరికే రాసినవి. ఇన్నేండ్లూ అంతే. నేను రాసినాను, నేను నేర్పినవాళ్ళూ రాసినారు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలినాడు. "ఏం పెద్దాయనా, ఇన్నేండ్లు అబద్ధం రాసినవాడివి, ఈరోజు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మేది? ఆ మేస్త్రి మీ చర్చి మనిషే కదా. ఆయన కోసం చెప్తున్నావు."

ఆయన కోసమే చెప్తాండాను. ఆ మాటా నిజమే. ఒక మనిషి కోసం చెప్పినంత మాత్రాన నిజం అబద్ధమైపోతుందా?

"నన్ను నమ్మొద్దు సార్. కిందికొచ్చి చూడండి."

ముగ్గురమూ కిందికి పోయినాము. కూలరు వీపున తడి గోనె సంచులు పరిచి ఉండాయి. మమ్మల్ని చూసి షిఫ్టు ఆపరేటరు పరుగున వచ్చి సంచులు లాగబోయినాడు.

"తియ్యొద్దప్పా" అన్నాను. "ఉండనీ. చూడనీ."

"ఇవేంటి?" అన్నాడు మేనేజరు.

"మా స్థిరత్వం సార్ ఇది" అన్నాను. సంచులు నేనే తీసినాను. కాలు తిప్పు మూసిన వాల్వు పూర్తిగా తెరిచినాను. ఒక టీ తాగేంత సేపు అందరమూ నిలబడినాము. తర్వాత ఆ పిల్ల గన్ను పట్టింది. డెబ్బై నాలుగు.

ఆమె నా దిక్కు తిరిగింది. "యాకె అజ్జా?" అంది. ఎందుకు తాతా అని.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నిజం ఎంతని అడిగినోడు ఎవడమ్మా ఈడ?" అని అరిచినాను. అరిచినాక చూస్తే, ఆ పిల్ల అడుగుతూనే ఉంది. జనవరి నుంచీ అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత రెండు దినాలు ఆమె పక్కనే కూర్చున్నాను. ఏ నెలలో డయలు నిజంగా ఎంత చూపించేదో, ఎప్పుడు ఎంత వాల్వు మూసేవాళ్ళమో, కాలువ ఆగిన ఎన్ని దినాలకు వేడి ఎక్కేదో, మేస్త్రి ఎన్ని బుట్టల గార మోసేవాడో, నాకు గుర్తున్నదంతా చెప్పినాను. నాకు గుర్తు లేనిది తక్కువ. ఆమె నీళ్ళకు మీటరు పెట్టించింది. ఈసారి పెట్టె చెప్పిన అంకె, గన్ను చెప్పిన అంకె పక్కపక్కన వచ్చి నిలబడినాయి. అప్పుడు అడిగింది దాన్ని, ఎన్ని దినాలకొకసారి తోమాలని. బోరు నీళ్ళు వాడే నెలల్లో నలభై దినాలకొకసారి అని వచ్చింది.

ఆగలేకపోయినాను. అప్పుడే మేస్త్రికి ఫోను చేసినాను. "ఏమప్పా, బ్రష్షులు కొను. రెండుసార్లు కాదు, ఇంకా ఎక్కువే పని."

"దేవుని దయ అన్నా" అన్నాడు. వెనక ఆయన భార్య నవ్వు వినపడింది.

మరుసటి రోజు మేనేజరు ఆ రిపోర్టు చదివినాడు. "నలభై రోజులకొకసారి ప్లాంటు ఆపి, మూతలు విప్పి, మూడు రోజులు రాడ్లు కొట్టించడం అయ్యే పనేనా? యాసిడ్ తిప్పే పంపు పెట్టిద్దాం. మూత విప్పే అవసరమే ఉండదు" అన్నాడు. అది తప్పని నేను అనలేను. లెక్క ప్రకారం సరైనదే. వారంలో బయటి కంపెనీవాళ్ళు పంపు, ట్యాంకు దించిపోయినారు.

అబద్ధం రాసినప్పుడు కూలరు శుభ్రంగా ఉంది కాబట్టి మేస్త్రి అక్కరలేదు. నిజం చెప్పినాక కూలరు మరీ గలీజుగా ఉంది కాబట్టి మేస్త్రి చాలడు. ఇన్నేండ్లూ మేమందరమూ డయలు చూసి రాసింటే, ఏడాదికి రెండు కాదు, నాలుగుసార్లు పిలిచేవాళ్ళేమో. ముఠాలో నలుగురు కాదు, ఎనిమిది మంది ఉండేవాళ్ళేమో. ఆ లెక్క ఏ పెట్టె కట్టలేదు. నాకు కట్టడం చేతనవుతుంది, కట్టాలంటే చెయ్యి రాదు.

నాకేమైందని అడుగుతారు. నాకేమీ కాలేదు. రిటైరయ్యే వయసు దాటినా ఏడాదికొక లెటరు ఇచ్చి ఉంచుకున్నవాణ్ణి నేను. ఈసారి తీసేస్తారనుకున్నాను. ఇంజనీరమ్మ తన రిపోర్టులో అనుభవం ఉన్న ఆపరేటరు సాయం వల్లే ఇది తేలింది అని రాసి పోయింది. ఇంకో ఏడాదికి లెటరు వచ్చింది. కూలరు దగ్గర నాకొక కుర్చీ వేసినారు, అంకెలు సరిగ్గా రాసేది చూసుకోమని. మానేస్తానని ఇంట్లో రెండుసార్లు అన్నాను. మానలేదు.

జూన్లో ఒక పొద్దున మేస్త్రి ఇంటికి పోయినాను. ఇంటి ముందర లగేజీ ఆటో నిలబడి ఉంది. హచ్చొళ్ళి పక్క ఒక రైసుమిల్లులో బాయిలరు గొట్టాల మసి తీసే పని దొరికిందంట, ఆ ఒక్క సీజనుకే. రాడ్లు ఆటో పైకి ఎక్కిస్తాండాడు. ఒక కొస పట్టుకోబోయినాను.

"వద్దులే అన్నా. బట్టలు మాసిపోతాయి."

"మాసిపోనీలే అప్పా."

ఆయన రాడ్లను తాడుతో కడతా, నా ముఖం చూడకుండా మాట్లాడినాడు. "అన్నా, ప్రతిసారీ గొట్టంలోంచి వచ్చిన పెళ్ళ తెచ్చి నీ చేతిలో పెడతాంటి. నువ్వు వేలేసి మందం కొలిచి, భలే పట్టిందప్పా అంటాంటివి. నాకు రాసేకి రాదు. నీకు వస్తాది కదా. నీకేమాయె?"

"భయపడితినప్పా" అన్నాను.

"దేనికి? పని తీసేస్తారనా?"

"ఊ."

"తీసేసినారా మరి?"

"లేదు."

ఆయన తల ఊపినాడు. తాడు ముడి రెండోసారి బిగించి, భార్య పక్కన ఎక్కి కూర్చుని, పోదాం పదప్పా అని ఆటో డ్రైవరుతో అన్నాడు.